సాంబ చేలో సల్ఫేటు జాడ

భోజనాలు అయ్యాయి కదా, ఇక తీరిగ్గా కూర్చోండి. ఇవాళ మనం చెప్పుకోబోయేది కంచంలోకి వచ్చిన అన్నం గురించే. తెనాలిలో గానీ రేపల్లెలో గానీ బియ్యం కొట్టుకు వెళ్లి "ఇంట్లోకి సన్నబియ్యం కావాలండీ" అంటే కొట్టాయన ఏ బస్తా మూతి విప్పుతాడో మీకు తెలుసు. సాంబ మసూరి. రైతుల నోట అది బీపీటీ. ఆ మూడక్షరాలూ బాపట్లవే. వ్యవసాయ కళాశాల 1945లోనే వెలసిన ఆ ఊళ్లోని పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన రకం ఇది, బీపీటీ 5204. కోయంబత్తూరు పాత రకం జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం టీఎన్ 1, మలేషియా వైపు నుంచి వచ్చిన మసూరి, ఈ మూడింటి సంకరం. కర్నూలు సోనా అని పేరు వేసి అమ్మేదీ ఈ రకమే. తెలంగాణలోనూ, కర్ణాటకలోనూ ఇది పండని తడి నేల తక్కువ. ఇన్ని కొత్త రకాలు వచ్చినా పెళ్లి భోజనానికి బియ్యం మాట్లాడేటప్పుడు జనం నోటికి ముందొచ్చే పేరు సాంబే. బాపట్ల మనకు పెట్టిన అన్నం అది. దాని మీద నాకున్న అభిమానాన్ని దాచుకోను.

అయితే సాంబకు ఒక బలహీనత ఉంది. ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు.

వేమూరు పక్క పల్లెలో మా బాబాయికి చేను ఉంది. ఒక సార్వాలో, చేను చిరుపొట్ట దశలో ఉండగా, గట్టు మీద నిలబడి మాట్లాడుకుంటున్నాం.

"ఆకులు ఎండుతున్నయ్‌రా అబ్బాయ్. పొటాషు తక్కువైందేమో."

"కొసలేనా బాబాయ్, అంచులు కూడానా?"

"కొసన మొదలై అంచులెంబడి కిందికి దిగుతంది. చూడు, అంచు అంతా అలలు అలలుగా ఉంది."

పచ్చదనమూ పసుపూ కలిసే చోట ఆకును కత్తిరించాం. ఇంట్లోంచి గాజు గ్లాసు తెప్పించి, తేట నీళ్లు పోసి, ఆకు ముక్క కోసిన కొసను నీళ్లలో ముంచి ఎండకు ఎదురుగా పట్టుకున్నాం. మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి కోసిన చోటు నుంచి పొగలాంటి తెల్లటి పోగు ఒకటి మెల్లగా అడుక్కి జారడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకటి. గ్లాసు కదిపితే నీళ్లు పాలవిరుగుడు రంగుకు తిరిగాయి. ఆ పోగుల్లో ఉన్నవి కోట్లాది బాక్టీరియాలు. పొటాషు లోపమైతే నీళ్లు తేటగానే ఉండేవి. పరికరం ఏదీ లేకుండా గట్టు మీదే చేయగల ఈ పరీక్షను ప్రతి రైతుబిడ్డా ఒక్కసారైనా చేసి చూడాలి.

ఆ బాక్టీరియా పేరు జాంథోమోనాస్ ఒరైజే. ఆకు అంచుల్లో నీరు ఊరే సన్నటి రంధ్రాల్లోంచీ, గాయాల్లోంచీ లోపలికి పోయి, నీరు నడిచే నాళాల్లో కాపురం పెడుతుంది. గాలీ వానా కలిస్తే ఆకులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని గాయాలవుతాయి, తెగులు ఒక మడి నుంచి ఇంకో మడికి పాకుతుంది. యూరియా ఎక్కువైన చేలో మరీ జోరు. నారు కొసలు తుంచి ఊడ్చే అలవాటు ఉన్నచోట ప్రతి మొక్కకూ మన చేత్తో మనమే గాయం చేసినట్టవుతుంది. ఇక మన డెల్టాకు గాలీవానా గురించి ఒకరు చెప్పాలా? 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అప్పటికి సార్వా కోతల మీద ఉంది గనుక ఆ దెబ్బ గింజ మీద పడింది. అదే గాలి సెప్టెంబరులో వస్తే తెగులు మీద వచ్చేది. ఒకసారి వంటబట్టాక ఈ తెగులును కుదిర్చే మందంటూ చెప్పుకోదగ్గది లేదు. కాబట్టి మొక్కలోనే తట్టుకునే గుణం ఉండాలి.

ఆ గుణం దొరికింది ఆఫ్రికాలో. మాలి దేశపు అడవి వరి ఒకటి, ఒరైజా లాంజిస్టామినాటా. గింజ కోసం ఎవరూ పెంచని మొక్క. అది ఎండాకు తెగులుకు లొంగదని మన దేశంలోనే, కటక్ వరి పరిశోధన సంస్థలో గమనించారు. ఆ గుణాన్ని సాగు వరిలోకి ఎక్కించే పని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గుర్‌దేవ్ ఖుష్ బృందం చేసింది. దానికి కారణమైన జన్యువు పేరు ఎక్స్‌ఏ21. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చదివింది. చదివితే తెలిసిందేమిటంటే, అది తయారుచేసే ప్రొటీను వరి కణం పైపొరలో సగం బయటికీ సగం లోపలికీ ఉంటుంది. బయటి సగం దేన్నో పసిగడుతుంది. లోపలి సగం ఆ సంగతిని కణానికి చేరవేస్తుంది. వెంటనే కణం తనను తాను కాపాడుకునే ఏర్పాట్లు మొదలుపెడుతుంది.

దేన్నో, అన్నాను. ఆ "దేన్నో" ఏమిటన్నది తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మన కబుర్లలో అసలు కథ అక్కడే ఉంది.

బాక్టీరియాలో కొన్ని జన్యువులు చెడిపోతే ఎక్స్‌ఏ21 ఉన్న వరి కూడా దాన్ని గుర్తుపట్టలేకపోతోందని ముందే తెలిసింది. వాటిలో ఒకటి రాక్స్‌ఎస్‌టీ. దాని పని ప్రొటీనులోని టైరోసిను అనే అమైనో ఆమ్లం మీద ఒక సల్ఫేటు గుంపును అతికించడం. అంటే వరి పసిగట్టేది సల్ఫేటు ఎక్కిన ఏదో చిన్న ప్రొటీను ముక్కను అయ్యుండాలి. ఇంతవరకు ఊహ చక్కగానే నడిచింది. 2009లో ఆ ముక్క దొరికిందని రొనాల్డ్ బృందం సైన్స్ పత్రికలో ప్రకటించింది. దానికి ఏఎక్స్21 అని పేరు పెట్టారు. తర్వాత అదే ప్రయోగశాలలో కొత్తగా చేరిన పరిశోధకులు ఆ ప్రయోగాలను మళ్లీ చేస్తే ఫలితాలు రాలేదు. తవ్వుకుంటూ పోతే బాక్టీరియా నమూనాల్లో కొన్ని ఒకదాని పేరుతో ఒకటి మారిపోయి ఉన్నాయి. 2013లో ఆ వ్యాసాన్ని వాళ్లే వెనక్కి తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నామో బహిరంగంగా రాశారు. ఇలాంటి చోట నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారో ఆలోచించండి. తమ పెద్దావిడ పేరు మోసిన వ్యాసం తప్పని ఆవిడ ఎదురుగానే చెప్పిన ఆ కుర్రవాళ్లన్నా, విని సరేనన్న ఆవిడన్నా నాకు గౌరవం. వెతుకులాట మళ్లీ మొదటికి వచ్చింది.

ఇప్పుడు సల్ఫేటు సంగతి చూద్దాం. ఒక గంధకం పరమాణువు, మూడు ఆక్సిజన్లు. టైరోసినుకు అవి చేరితే బరువు 79.957 డాల్టన్లు (అణువులను తూచే కొలత అది) పెరుగుతుంది. ప్రొటీన్ల మీద ఇంకా తరచుగా కనిపించే ఫాస్ఫేటు చేరినా పెరిగేది 79.966. రెండింటికీ తేడా డాల్టనులో వందో వంతుకు కూడా చేరదు. ఆ తేడాను పట్టుకోగలిగితేనే ఇది గంధకమా, భాస్వరమా అన్నది తేలుతుంది. తేలినా అది ఎక్కడ కూర్చుందో చూపించాలి.

ఈ తూకం వేసే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటరు. పెప్టైడు, అంటే కొద్దిపాటి అమైనో ఆమ్లాల గొలుసు, కరిగిన ద్రావణాన్ని సన్నటి సూదిలోంచి వేల వోల్టుల విద్యుత్తు కింద పిచికారీ చేస్తారు. బొట్లు గాలిలో ఆరుతూ ఆరుతూ చివరికి విద్యుదావేశం ఉన్న ఒంటరి పెప్టైడులు మిగులుతాయి. అవే అయానులు. ఇంత పెద్ద అణువులను చెక్కు చెదరకుండా ఇలా గాలిలోకి లేపే పద్ధతిని చూపించిన జాన్ ఫెన్‌కు 2002 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయానులను యంత్రంలోకి లాగి విద్యుత్ క్షేత్రాల మధ్య బంధించి తూచడం తర్వాతి పని.

మొత్తం బరువు ఒక్కటే తెలిస్తే చాలదు. గొలుసులో దేని పక్కన ఏది ఉందో, అదనపు గుంపు దేని మీద ఎక్కిందో తెలియాలంటే గొలుసును విరగ్గొట్టి ముక్కలను తూచాలి. ఒక ముక్కకూ దాని తర్వాతి ముక్కకూ బరువులో తేడా 163.06 వచ్చిందంటే అక్కడ ఉన్నది టైరోసిను. 243.02 వచ్చిందంటే సల్ఫేటు ఎక్కిన టైరోసిను. లెక్క ఇంత తేలికైనా విరగ్గొట్టడం మాత్రం అంత తేలిక కాదు.

ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పద్ధతి గుద్దుకునేలా చేయడం. అయానును హీలియమో నైట్రోజనో ఉన్న చోటికి వేగంగా తోస్తారు. వాయువు అణువులను గుద్దుకున్నకొద్దీ అయాను లోపల వేడి పెరుగుతుంది. ఆ వేడి అణువంతా పాకి, అన్ని బంధాలనూ ఊపి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంచుతుంది. మామూలు పెప్టైడులో ఆ బలహీనమైన చోటు అమైనో ఆమ్లాలను కలిపే బంధమే గనుక పని చక్కగా సాగుతుంది. సల్ఫేటు ఉన్నప్పుడే చిక్కు. కనకాంబరాల దండను చేత్తో పట్టుకుని గట్టిగా దులిపితే దారం తెగదు, పూలు రాలతాయి. తర్వాత దారాన్ని తెంపి చూసినా ఏ ముడిలో ఏ పువ్వు ఉండేదో చెప్పలేం. సల్ఫేటు గతి అంతే. గొలుసు ఎక్కడా తెగకముందే అది ఊడి వెళ్లిపోతుంది. ముక్కలను తూచి చూస్తే టైరోసిను 163 దగ్గరే, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

మరి దులపకుండా దారాన్ని ఒక్క వేటుకు కోయడం ఎలా?

మొదటి దారి ఎలక్ట్రాను. 1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రోమన్ జుబారెవ్, నీల్ కెల్లెహర్, ఫ్రెడ్ మెక్‌లాఫర్టీ ఒక సంగతి ప్రకటించారు. ఎక్కువ ధనావేశం ఉన్న ప్రొటీను అయానుకు నెమ్మదిగా కదిలే ఎలక్ట్రానును అందిస్తే గొలుసు వేరే చోట, నైట్రోజనుకూ దాని పక్క కార్బనుకూ నడుమ తెగుతోంది. వేడి అంతటా పాకకముందే ఈ తెగడం అయిపోతుందని వాళ్ల వాదన. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది, ఇంకా జరుగుతోంది. ఫలితం మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు. గొలుసుకు పక్కన అంటుకున్న ఫాస్ఫేట్లూ చక్కెరలూ చాలావరకు ఉన్నచోటే ఉంటున్నాయి. అయితే అప్పట్లో అది ఖరీదైన పెద్ద అయస్కాంతపు యంత్రాల్లోనే కుదిరేది. 2004లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హంట్ బృందం, అందులో జాన్ సైకా, జాషువా కూన్, దాన్ని మామూలు అయాను ఉచ్చుల్లోకి తెచ్చింది. ఎలక్ట్రానును ఊరికే వదలకుండా మరో అణువు చేత మోయించారు. ఫ్లోరాంథీను లాంటి అణువుకు ఒక ఎలక్ట్రానును అదనంగా తగిలించి పెప్టైడు ఉన్న ఉచ్చులోకే పంపితే, వ్యతిరేక ఆవేశాలు కదా, రెండూ దగ్గరికి వస్తాయి. కొన్ని మిల్లీసెకన్లలో ఎలక్ట్రాను ఇటు మారుతుంది. గొలుసు తెగుతుంది. ఈ ఆలోచనలోని అందం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. బలం వాడలేదు, వేడి వాడలేదు, ఒక్క ఎలక్ట్రాను చేతులు మారింది, అంతే.

కానీ సల్ఫేటు పెప్టైడు దగ్గర ఈ పద్ధతి కూడా తడబడుతుంది. ఎందుకో చెబుతాను, ఇది కాస్త నిదానంగా వినాలి. ఎలక్ట్రాను రుణావేశం. అది వచ్చి చేరితే అయాను మీది ధనావేశాల్లో ఒకటి రద్దవుతుంది. రెండో మూడో ఉంటే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది, ముక్కలు యంత్రానికి కనపడతాయి. ఉన్నదే ఒకటైతే అదీ పోతుంది, ఆవేశం లేని ముక్కలను యంత్రం చూడలేదు. సల్ఫేటు స్వతహాగా ఆమ్లం. అది ఉన్న పెప్టైడుకు ధనావేశాలు ఎక్కువ ఎక్కవు. పైగా ధనావేశంలో ఉంచినప్పుడు సల్ఫేటు పట్టు మరీ సడలుతుంది. రుణావేశంలో ఉంచితే అదే సల్ఫేటు ఆ ఆవేశాన్ని తన మీదే మోస్తూ కాస్త కుదురుగా కూర్చుంటుంది. కానీ రుణ అయానులను గుద్దించి విరగ్గొడితే వచ్చే ముక్కల్లోంచి వరుస చదవడం కష్టం.

అక్కడ పనికొచ్చింది వెలుతురు.

వెలుతురుతో విరగ్గొట్టడం కొత్తేమీ కాదు. పరారుణ లేజరుతో ముందునుంచీ చేస్తున్నారు. కార్బన్ డైఆక్సైడు లేజరు తరంగం 10.6 మైక్రాన్లు. దాని ఒక్కో కాంతి కణం మోసుకొచ్చే శక్తి 0.12 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒకటి చాలదు, పదులకొద్దీ వచ్చి చేరాలి. చేరుతున్నకొద్దీ అణువు వేడెక్కుతుంది, మళ్లీ సల్ఫేటే ముందు ఊడుతుంది. అతినీలలోహిత కాంతి కథ వేరు. 193 నానోమీటర్ల తరంగంలో ఒక్కో కాంతి కణం 6.4 ఎలక్ట్రాన్ వోల్టులు తెస్తుంది, పరారుణ కణం తెచ్చే దానికి యాభై రెట్ల పైమాటే. పెప్టైడు గొలుసులోని బంధాలే ఆ కాంతిని నేరుగా పీల్చుకుంటాయి. ఒక్క కణం చాలు, గొలుసు తెగడానికి. మామూలు పద్ధతిలో తెగని చోట్ల కూడా తెగుతుంది. అయాను మీద ఎన్ని ఆవేశాలున్నాయి, అవి ధనమా రుణమా అన్న పట్టింపు దానికి అంతగా లేదు.

ఈ 193 నానోమీటర్ల కాంతి ఆర్గాన్ ఫ్లోరైడు లేజరుది. కళ్లజోడు మానాలనుకున్నవాళ్లకు కంటి ముందున్న తేట పొరను చెక్కి సరిచేసే లేజరు చికిత్సలో వాడేదీ ఇదే తరంగం. జీవకణజాలాన్ని పక్కన కాల్చకుండా శుభ్రంగా చెక్కగలదని 1981లో ఐబీఎం ప్రయోగశాలలో కనుక్కున్నవాళ్లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. కంటి దగ్గరైనా పెప్టైడు దగ్గరైనా మనం మెచ్చుకునే గుణం ఒకటే. తగిలిన చోట తెంచుతుంది, చుట్టూ వేడి పాకనివ్వదు.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో, ఆస్టిన్‌లో, జెన్నిఫర్ బ్రాడ్‌బెల్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ అతినీలలోహిత పద్ధతిని ఏళ్ల తరబడి సానబట్టారు. మాస్ స్పెక్ట్రోమీటరు పక్కనే లేజరును అమర్చి, అయానులు బంధించి ఉన్న చోటికి కొన్ని నానోసెకన్ల మెరుపును పంపడం వాళ్ల ఏర్పాటు. 2014లో ఆవిడా, మిషెల్ రాబిన్సన్, కెవిన్ మూర్ కలిసి, రుణావేశంలో ఉన్న సల్ఫేటు పెప్టైడుల మీద ఈ మెరుపును ప్రయోగిస్తే గొలుసు తెగుతోందనీ, సల్ఫేటు తన టైరోసిను మీదే ఉండిపోతోందనీ చూపించారు. 243.02 అన్న తేడా ముక్కల బరువుల్లో నేరుగా కనపడింది.

ఇక్కడ రెండు దారులూ కలిశాయి. ఒక పక్క తప్పు ఒప్పుకుని మళ్లీ మొదటినుంచి వెతుకుతున్న వరి బృందం. ఇంకో పక్క సల్ఫేటును ఊడగొట్టకుండా చదవగల పద్ధతి. 2015లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వ్యాసం వచ్చింది. రోరీ ప్రూట్, బెంజమిన్ ష్వెస్సింగర్ మొదలుకుని పమేలా రొనాల్డ్ వరకు పొడుగాటి రచయితల పట్టిక. అందులో మిషెల్ రాబిన్సన్, బ్రాడ్‌బెల్ట్ ఉన్నారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి ఈ తెగులు మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన రమేశ్ వి. సోంటి కూడా ఉన్నారు. బాక్టీరియాలో అంతవరకు ఎవరి కంటా పడని ఒక చిన్న ప్రొటీను దొరికింది. పేరు రాక్స్‌ఎక్స్. అరవై అమైనో ఆమ్లాలు. అందులో టైరోసిను ఒక్కటే ఉంది, 41వ చోట. ఆ ఒక్క టైరోసిను మీద రాక్స్‌ఎస్‌టీ సల్ఫేటును అతికిస్తుంది. సల్ఫేటు ఎక్కిన రాక్స్‌ఎక్స్ తగిలితే ఎక్స్‌ఏ21 ఉన్న వరి స్పందించింది. సల్ఫేటు లేని రాక్స్‌ఎక్స్‌కు స్పందించలేదు. మొత్తం ప్రొటీను కూడా అక్కర్లేదు, ఆ టైరోసిను ఉన్న 21 అమైనో ఆమ్లాల ముక్కను ప్రయోగశాలలో తయారుచేసి ఇచ్చినా చాలింది. నాలుగు పరమాణువుల గుంపు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద మొక్క బతుకు ఆధారపడి ఉందంటే, ఇక ఆ గుంపును తూకంలో పోగొట్టుకోకుండా చదవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మరి పట్టిస్తోందని తెలిసీ బాక్టీరియా ఆ సల్ఫేటును ఎందుకు మోస్తోంది? దీనికీ జవాబు దొరికింది, అది నాకు మరీ నచ్చింది. మొక్కల్లో పీఎస్‌వై1 అనే ఒక పెప్టైడు ఉంది. జపాన్ శాస్త్రవేత్తలు 2007లో బయటపెట్టారు. మొక్క ఎదుగుదలకు తోడ్పడే హార్మోను అది, దాని టైరోసిను మీదా సల్ఫేటు ఉంటుంది. రాక్స్‌ఎక్స్ అచ్చం దాని పోలికలో ఉంది. 2017లో చేసి చూస్తే రాక్స్‌ఎక్స్ కూడా మొక్కల వేళ్లను పొడుగు పెంచింది. అంటే బాక్టీరియా మొక్క సొంత హార్మోనును అనుకరిస్తోంది. మాలి అడవి వరి ఆ అనుకరణను పట్టుకోగలిగింది, మన సాంబ పట్టుకోలేకపోయింది. 2019లో రాక్స్‌ఎక్స్ నేరుగా ఎక్స్‌ఏ21 బయటి సగానికే అతుక్కుంటోందని కూడా కొలిచి చూపించారు.

బాక్టీరియా కూడా ఊరుకోదు. పొలాల్లో సేకరించిన రకాల్లో ఎక్స్‌ఏ21ను దాటిపోయేవి ఉన్నాయి. వాటిలో రాక్స్‌ఎక్స్ జన్యువే మారి ఉందని 2015 నాటి వ్యాసంలోనే చూపించారు. అందుకే ఒక్క జన్యువును నమ్ముకోవడం క్షేమం కాదు. మన హైదరాబాదులో సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేటు కలిసి ఆ ముందుచూపుతోనే పనిచేశాయి. సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ21తో పాటు ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మరో రెండు జన్యువులను తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ రెండూ పనిచేసే తీరు వేరు. ఉదాహరణకు ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో, చక్కెరను బయటికి వదిలే ప్రొటీనును బాక్టీరియా తన అవసరానికి పురికొల్పలేదు. మూడింటినీ ఒక్కసారే దాటడం బాక్టీరియాకు కష్టం. ఇది జన్యుమార్పిడి పంట కాదండీ, ఆ సందేహం కొందరికి ఉంది. మామూలు సంకరమే. పుట్టిన మొక్కల్లో ఏ మొక్కకు మూడు జన్యువులూ వచ్చాయో డీఎన్ఏ గుర్తులతో చూసి ఎంచుకుంటూ, పలుమార్లు తిరిగి సాంబతోనే కలుపుతూ వచ్చారు. గింజ సన్నదనం, అన్నం తీరు సాంబవే నిలిచాయి.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు ఫిజిక్సు చదివినవారు. కథలతో పాటు సైన్సు వ్యాసాలూ రాశారు. వారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు అణుభౌతిక శాస్త్రవేత్తగా పనిచేస్తూనే తెలుగువాళ్లకు సైన్సు చెప్పడం మానలేదు. ఈ కథ వాళ్ల కాలంలోనే పూర్తయి ఉంటే బాపట్ల వరినీ లేజరునూ కలిపి మనకు చెప్పకుండా ఉండేవారు కాదని నా నమ్మకం. బాపట్ల కళాశాలలో వరి చదివే పిల్లలకు మాస్ స్పెక్ట్రోమీటరు ఎక్కడో కెమిస్ట్రీ వాళ్ల వ్యవహారంగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లూ లేజర్లూ చదివే పిల్లలకు ఎండాకు తెగులు పల్లెటూరి గొడవలా కనిపిస్తుంది. రెండు వైపుల పిల్లలూ ఆ 2015 నాటి వ్యాసాన్ని పక్కపక్కన కూర్చుని చదవాలి. హైదరాబాదులోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి ఒక కేంద్రం ఉంది. రైలెక్కితే ఒక్క రాత్రి ప్రయాణం. అక్కడికి వెళ్లి ఒక పెప్టైడు విరిగే తీరును తెరమీద చూసొచ్చిన పిల్ల, తిరిగొచ్చి భట్టిప్రోలు దగ్గర చేలో దిగితే ఆకు అంచును చూసే చూపే మారుతుంది.

ఇక చేయవలసింది ఒకటి మిగిలింది. మన డెల్టా మళ్లలో తిరుగుతున్న బాక్టీరియాలో రాక్స్‌ఎక్స్ ఏ రూపంలో ఉందో ఎప్పటికప్పుడు చూస్తుండాలి. గాలీవానా వెలిసిన వారంలో బాపట్ల, పల్లికోన, రేపల్లె, నిజాంపట్నం వైపు చేలల్లో అంచులు ఎండిన ఆకులను ఏరి తెచ్చి, బాక్టీరియాను పెంచి, ఆ ఒక్క చిన్న జన్యువును చదవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, డీఎన్ఏ పరీక్ష చాలు. 41వ చోట టైరోసిను ఉందా, దాని చుట్టుపక్కల అక్షరాలు మారాయా అని ఏటా రాసిపెట్టుకుంటే, ఎక్స్‌ఏ21 మన చేలల్లో ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుందో ముందుగా తెలుస్తుంది. తెగులు వచ్చి చేను తెల్లబడేదాకా ఆగనక్కర్లేదు. ఆ పనిని బాపట్లలోనే మొదలుపెట్టాలని నా కోరిక.